మునిగిపోయిన స్టీమర్‌లో దొరికిన బట్టల కాపీ అని అమ్మారు, తీరా చూస్తే అందులో కాటనే మిగల్లేదట!

కాన్సస్_పద్మ
మా ఊళ్ళో క్విల్ట్ షో, అంటే బొంతల ప్రదర్శన జరిగితే వెళ్ళా. ఒక స్టాల్‌లో చిన్న చిన్న పూల ప్రింట్లు, గోధుమ రంగువి, ఇటుక ఎరుపువి, ఒకటి ఊదా రంగుది, మొత్తం పన్నెండు ముక్కలు రిబ్బన్ కట్టి పెట్టారు. మీద ఒక కార్డు. "1856లో మిస్సోరి నదిలో మునిగిన అరేబియా స్టీమర్ సరుకు ఆధారంగా చేసిన బట్టలు" అని. మా అమ్మాయికి నెలలు నిండుతున్నాయి, పుట్టబోయే బిడ్డకి బొంత కుడదామనుకుంటున్నా, ఇంత కథ ఉన్న బట్ట అయితే ఎంత బాగుంటుందో అని బేరం కూడా ఆడకుండా కొనేశా. పోయిన వారం మా వియ్యపురాలు వచ్చారు, ఆవిడకి చూపిద్దామని కాన్సస్ సిటీలో ఆ అరేబియా మ్యూజియంకే తీసుకెళ్ళా. అక్కడ టూర్‌లో చెప్పారు, కాటన్ బట్టలన్నీ నీళ్ళలో కుళ్ళి పోయాయి, ఉన్నివీ సిల్కువీ మాత్రమే మిగిలాయి అని. నాకు అక్కడే గుండె జారిపోయింది. నేను కొన్నది నూటికి నూరు పాళ్ళు కాటన్. మరి దేన్ని చూసి కాపీ చేశారు? మోసపోయానా? తెలిసినవాళ్ళు చెప్పండి, కత్తెర పెట్టకుండా ఆగాను.

డల్లాస్_శీను
పడవ సంగతి తెలియనివాళ్ళ కోసం ఎవరైనా రెండు ముక్కలు చెప్పండి ముందు.

కాన్సస్_పద్మ
శీనూ, 1856 సెప్టెంబర్ 5న పార్క్‌విల్ దగ్గర నీళ్ళలో మునిగి ఉన్న వాల్‌నట్ చెట్టు మొద్దు గుచ్చుకుని పది నిమిషాల్లో మునిగిపోయింది. సుమారు 200 టన్నుల సరుకు, పైనున్న కొత్త ఊళ్ళ దుకాణాలకి వెళ్తోంది. మనుషులందరూ బతికారు, కట్టేసి ఉన్న ఒక కంచరగాడిద మాత్రం పోయింది, పాపం దాని ఎముకలు మ్యూజియంలో పెట్టారు. తర్వాత నది దారి మార్చుకుంది, పడవ మీద మట్టి పేరుకుని అది మొక్కజొన్న చేను అయిపోయింది. 45 అడుగుల లోతున! హాలీ అనే కుటుంబం, తండ్రీ ఇద్దరు కొడుకులూ స్నేహితులతో కలిసి 1988 చలికాలంలో తవ్వారు. నీళ్ళు ఊరుతుంటే 20 పంపులు పెట్టి రాత్రింబవళ్ళు తోడారట.

డల్లాస్_శీను
అబ్బ. చేనులో పడవ. ఊహకే అందట్లేదు.

గోదారి_బుజ్జి
పచ్చడి సీసాలు కూడా దొరికాయి కదా అందులో, తవ్వినవాళ్ళలో ఒకాయన తిని చూశాడు, బానే ఉందన్నాడు. 130 ఏళ్ళ ఊరగాయ. మా నాయనమ్మ వింటే ఉప్పు సరిగ్గా పడింది అనేది.

రంగుల_రమణ
పద్మగారూ, మ్యూజియంవాళ్ళు చెప్పింది నిజమే. పత్తి అంటే దాదాపు మొత్తం సెల్యులోజ్. గాలి ఆడని తడి మట్టిలో, కాస్త పులుపు గుణం ఉన్న నీళ్ళలో ఏళ్ళ తరబడి ఉంటే ఆ సెల్యులోజ్ గొలుసులు తెగిపోతాయి, దాన్ని తినే బాక్టీరియా కూడా ఉంటాయి. ఉన్ని, పట్టు ప్రొటీన్లు, మన జుట్టు లాంటివి, అవి అలాంటి చోట తట్టుకుంటాయి. సున్నపు గుణం ఉన్న చోటయితే కథ తిరగబడుతుంది, అక్కడ ఉన్ని పోయి నార బట్ట మిగులుతుంది. ఏ పడవలో ఏ గుడ్డ మిగిలింది అనేది దాన్ని కప్పిన మట్టి తేల్చే విషయం.

డల్లాస్_శీను
ఒక్క డౌటు రమణగారూ. చెక్క కూడా సెల్యులోజే కదా? పడవ, పెట్టెలు, పీపాలు ఎలా మిగిలాయి మరి?

రంగుల_రమణ
మంచి ప్రశ్న. చెక్కలో లిగ్నిన్ ఉంటుంది, అది సెల్యులోజ్‌కి తొడుగులా కాపలా కాస్తుంది, పత్తికి ఆ తొడుగు లేదు. అయినా చెక్క కూడా లోపల గుల్లబారుతుంది, నీళ్ళు నిండి ఉండటం వల్లే ఆకారం నిలబడుతుంది. బయటికి తీసి ఆరబెడితే ముడుచుకుని పగిలిపోతుంది. అందుకే పాలిఇథిలిన్ గ్లైకాల్ అనే మైనం లాంటిది నెలల తరబడి ఎక్కిస్తారు, నీళ్ళ స్థానంలో అది చేరుతుంది.

గద్వాల_నేతబిడ్డ
మా దగ్గరి ముచ్చట చెప్తా, జల్దీ సమజైతది. గద్వాల చీరకి ఒళ్ళంతా నూలు, అంచు, కొంగు పట్టు. ఆ చీరను తీస్కపోయి ఆ పడవల ఏస్తే నూటముప్పై ఏండ్ల తర్వాత ఏం దొరుకుతది? రెండు అంచులు, ఒక కొంగు. నడుమ చీరే ఉండది. దాన్ని చూసినోళ్ళు ఆ కాలపు ఆడోళ్ళు పట్టు పట్టీలు కట్టుకున్నరు అని రాసుకుంటరు.

పాతబట్టల_పార్వతి
నేతబిడ్డ చెప్పింది చదివి కళ్ళు మూసుకుని ఊహించుకున్నా, అంచులూ కొంగూ మాత్రమే తేలే చీర... మనసంతా అదోలా అయిపోయింది.

గద్వాల_నేతబిడ్డ
ఇంకోటి గూడ ఉన్నది పార్వతమ్మా. ఆ రోజులల్ల డెలేన్ అని ఒక బట్ట అమెరికాల బాగ నడిచింది, పడుగు నూలు, పేక ఉన్ని. అసొంటిది నీళ్ళల ఉంటే పడుగు మొత్తం పోతది, పేక ఒక్కటే దారాల కుప్ప మిగుల్తది. అది ఒకప్పుడు తాను అని మగ్గం మీద కూసున్నోనికే తెలుస్తది.

డల్లాస్_శీను
నా అభిప్రాయం చెప్తా, పద్మగారు ఏమనుకోవద్దు. బట్ట బాగుంది, రంగులు నచ్చాయి, బిడ్డకి బొంత అవుతుంది. కార్డు మీద ఏం రాస్తే ఏంటి?

పాతబట్టల_పార్వతి
ఏంటంటే శీనూ, ఆ కార్డు చూసే ఆవిడ బేరం ఆడలేదు. రేపు మనవరాలో మనవడో పెద్దయి "ఇది మునిగిన పడవలో బట్ట డిజైను" అని ఇంకొకరికి చెప్తారు. లేని చరిత్ర అలాగే పుడుతుంది. ఇలా నమ్మి నేనొకసారి "వందేళ్ళ నాటి" జాకెట్టు గుడ్డ కొన్నా, ఇంటికొచ్చి అంచు చూస్తే సింథటిక్ దారం. ఆ షాపు పేరు చెప్పను గానీ ఆ రోజు ఏడుపొక్కటే తక్కువ.

ఒమాహా_కిరణ్
పద్మగారూ, అమ్మినవాళ్ళు బెర్‌ట్రాండ్‌తో కన్‌ఫ్యూజ్ అయ్యారేమో? అది మా వైపుది. 1865 ఏప్రిల్ 1న ఇదే మిస్సోరి నదిలో మునిగింది, మోంటానాలో బంగారు గనులవాళ్ళకి సరుకు తీసుకెళ్తూ. 1968లో దొరికింది, డిసోటో అభయారణ్యంలో సెంటర్ కట్టి లక్షల వస్తువులు పెట్టారు. మా పిల్లల్ని రెండుసార్లు తీసుకెళ్ళా. గాజు అవతల కోట్లు, చొక్కాలు ఉంటాయి. అయితే అక్కడా ఇదే కథ, ఉన్నీ పట్టూ తప్ప నూలు దాదాపు లేదు.

రంగుల_రమణ
కిరణ్ చెప్పిన రెండు పడవల మధ్య తొమ్మిదేళ్ళే తేడా, కానీ రంగుల చరిత్రలో ఆ తొమ్మిదేళ్ళు చాలా పెద్దవి. 1856లో లండన్‌లో పెర్కిన్ అనే పద్దెనిమిదేళ్ళ కుర్రాడు క్వినైన్ తయారుచేయబోయి బొగ్గు తారు నుంచి ఊదా రంగు పట్టుకున్నాడు, మావ్ అంటారు. ఆగస్టులో పేటెంట్ తీసుకున్నాడు. అరేబియా సెప్టెంబర్ 5న మునిగింది. అంటే ఆ పడవలో ఉన్న దాదాపు ప్రతి గుడ్డకీ వేరు, ఆకు, పురుగు, రాళ్ళ మీద పెరిగే లైకెన్, ఖనిజం వీటి రంగే, ఈ తారు ఊదా ఒక్క చుక్క ఉండే అవకాశం లేదు. బెర్‌ట్రాండ్ నాటికి మావ్, మెజంటా బజారులో పొర్లుతున్నాయి. కాబట్టి పద్మగారి కట్టలో ఆ ఊదా ముక్క ఉంది చూశారా, అది తప్పు.

పెడన_అచ్చు
రమణగారూ మీ మాటకి అడ్డం వస్తున్నానని అనుకోవద్దు. ఊదా అంతా తప్పు అనకండి. మా తాతల కాలంలో చిరువేరుతో చేసేవారు, ఇప్పుడు మేము అలిజరిన్ వాడుతున్నాం, పని మాత్రం అదే. గుడ్డని కరక్కాయ, గేదె పాలల్లో నానబెట్టి ఆరేస్తాం. దాని మీద పటిక అచ్చు వేసి రంగులో ఉడకబెడితే ఎరుపు వస్తుంది. ఇనుప ముక్కలు బెల్లం నీళ్ళలో పులియబెట్టి ఆ నీళ్ళతో అచ్చు వేస్తే నలుపు. ఆ ఇనుప నీళ్ళనే బాగా పల్చన చేసి అచ్చు వేసి అదే వేరులో ఉడకేస్తే ఊదా! ఒకే బానలో మూడు రంగులు. అమెరికా, ఇంగ్లండు మిల్లుల్లో కూడా మంజిష్ఠ జాతి వేరుతో ఇదే సూత్రం, అచ్చు బదులు రాగి రోలర్ అంతే తేడా. పద్మక్కా, మీ ముక్క మెరిసే ఊదానా, దుమ్ము పట్టినట్టుండే ఊదానా?

రంగుల_రమణ
ఒప్పుకుంటున్నా. వేరు ఊదా నా లెక్కలో జారిపోయింది. ఆ మాటకొస్తే లైకెన్ నుంచి తీసే ఆర్చిల్ అనే ఊదా కూడా ఉంది ఆ రోజుల్లో, పట్టు మీద బాగా పట్టేది. మెరిసే రకం అయితే మాత్రం నాకు ఇప్పటికీ అనుమానమే.

కాన్సస్_పద్మ
దుమ్ము రంగే తమ్ముడూ, నేరేడుపండు ఎండిపోతే ఉంటుందే అలా. ఇంకో మాట, దారం ఒకటి లాగి అగ్గిపుల్లతో కాల్చి చూశా, కాగితం కాలిన వాసన, మెత్తటి బూడిద. కాటనే, డౌటు లేదు.

గోదారి_బుజ్జి
పట్టుచీర కొనేటప్పుడు మా అమ్మ కూడా అంతే, కొంగు కుచ్చులో దారం కాల్చి జుట్టు వాసన వస్తేనే డబ్బులిచ్చేది. షాపువాళ్ళు కూడా ఏమనేవాళ్ళు కాదు.

పెడన_అచ్చు
ఇప్పుడు అసలు కాపీ అంటే ఏంటో చెప్తా, ఇది నా బతుకుతెరువు కాబట్టి కాస్త ఎక్కువే రాస్తా. మాకు అప్పుడప్పుడు పాత గుడ్డ ఫొటో పంపి అచ్చం ఇలాగే కావాలంటారు. మచిలీపట్నం నుంచి రెండు మూడొందల ఏళ్ళ కింద ఓడలెక్కి పోయినవి, ఇప్పుడు విదేశీ మ్యూజియంలలో ఉన్నవి. ఫొటో చూసి టేకు చెక్క మీద అచ్చు చెక్కించడం కష్టం కాదు. కష్టం ఎక్కడంటే ఏ రంగుని కాపీ చేయాలి? ఇప్పుడున్న వెలిసిన రంగునా, కొత్తలో ఉన్న రంగునా? ఒకసారి ఒకరికి కొత్తలో ఎలా ఉండి ఉంటుందో అలా చేసిచ్చా, "మరీ గాఢంగా ఉంది, పాత దానిలా లేదు" అని వెనక్కి పంపేశారు. నాలుగు తాన్లు. అవి కొన్నాళ్ళు మా ఇంట్లో దుప్పట్లయ్యాయి. నీళ్ళలో, మట్టిలో పడున్న గుడ్డ సంగతి ఇంకా కష్టం, పక్కనున్న ఇనుము తుప్పు, తోలులోంచి దిగే కషాయం అన్నీ గుడ్డకి పట్టి మొత్తం గోధుమరంగు అయిపోతుంది. పద్మక్క కట్టలో గోధుమరంగు ఎక్కువ ఉందన్నారు కదా, అది 1856 నాటి గోధుమ రంగేనా, మట్టి పట్టించిన గోధుమ రంగా అనేది మొదట అడగాలి.

సూదిదారం_సరళ
పెడన తమ్ముడు చెప్పిన దానికి ఒకటి కలుపుతా. 1850ల్లో గోధుమరంగు ప్రింట్లు నిజంగానే విపరీతంగా ఉండేవి, అది కల్పన కాదు. ఆ కాలపు బొంతలు నేను చాలా చూశా. వాటిలో ముదురు గోధుమ, నలుపు ముక్కలే ముందు చిరిగిపోతాయి, పక్కన ఎరుపు ముక్క చెక్కు చెదరదు. ఇనుము గుడ్డని తినేస్తుంది. దగ్గరగా చూస్తే పూల రేకు అంచున నల్ల గీత ఉన్నంతమేరా గుడ్డ రాలిపోయి, కత్తెరతో కోసినట్టు సన్నటి కన్నం ఉంటుంది, లోపలి దూది కనపడుతుంది.

పెడన_అచ్చు
సరళక్కా అచ్చం మా దగ్గరా అంతే. పాత కలంకారీలో నల్ల గీత ఉన్నచోటే చిరుగు.

ఒమాహా_కిరణ్
సరళగారూ మీరు మ్యూజియంలో పనిచేస్తారా?

సూదిదారం_సరళ
ఉద్యోగం కాదు కిరణ్, మా ఊళ్ళో చిన్న మ్యూజియంలో వారానికి ఒకరోజు వాలంటీర్‌గా వెళ్తా. అసలు నాకు ఆ స్టీమర్ల కథలో అన్నిటికన్నా మనసుకి తగిలేది బట్ట కాదు, దారం. ఉన్ని కోటు మిగిలింది, కానీ కుట్టింది నూలు దారంతో. దారం కరిగిపోయింది. అంటే కోటు కోటులా బయటికి రాదు, చేతులు వేరు, వీపు వేరు, కాలరు వేరు, విడి ముక్కలుగా వస్తుంది. బూట్లు కూడా అంతే, అరేబియాలో 4,000 పైచిలుకు బూట్లు దొరికాయి, తోలుంది, నూలుతో కుట్టిన చోట కుట్టు లేదు. మళ్ళీ కుట్టాలంటే ఆధారం సూది కన్నాలే. మా దగ్గర ఒక పాత ఉన్ని కోటు చెయ్యికి ఇలాగే కుట్టు పోతే నాకిచ్చారు. భూతద్దం కింద పెట్టి చూస్తే కన్నాల వరస ఎంత చక్కగా ఉందో, చంక దగ్గరికి వచ్చేసరికి దగ్గర దగ్గరగా పడ్డాయి, అక్కడ బలం కావాలని ఆ కుట్టినావిడకో ఆయనకో తెలుసు. ఒకచోట రెండు కన్నాలు వరస తప్పి ఉన్నాయి, మధ్యలో లేచి వెళ్ళారేమో. పాత కన్నంలోంచే సూది పోనివ్వాలి, కొత్త కన్నం పడకూడదు. ఆ చెయ్యి ఒక్కటి కుట్టడానికి నాకు ఆరు వారాలు పట్టింది. అలా కుడుతుంటే ఎవరిదో చెయ్యి నా చేతి మీద ఉన్నట్టే ఉంటుంది. నన్నడిగితే కాపీ చెయ్యాల్సింది ఆ కన్నాలని, ప్రింటుని కాదు.

పాతబట్టల_పార్వతి
సరళా ఇది నాలుగుసార్లు చదివా.

గద్వాల_నేతబిడ్డ
వరస తప్పిన రెండు కన్నాలు. ఇగ నిద్ర పట్టది.

డల్లాస్_శీను
సరే, పైన నేనన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. కార్డు మీద ఏం రాశారో అది ముఖ్యమే. ఒకటి అడుగుతా, కాటన్ పోతే మరి 1850ల కాటన్ ప్రింటు ఎలా ఉండేదో ఎవరికీ తెలియదా?

సూదిదారం_సరళ
ఎందుకు తెలియదు, బోలెడు ఆధారాలున్నాయి. మిల్లులు ప్రతి డిజైను ముక్క కత్తిరించి పుస్తకాల్లో అంటించుకునేవి, అవి చాలా మిగిలాయి. తేదీ కుట్టి ఉన్న బొంతలున్నాయి. నిజాయితీగా రిప్రో, అంటే పాత గుడ్డకి కాపీ చేసేవాళ్ళు వాటినే చూస్తారు. ఇంకో గుర్తు, ఆ రోజుల్లో ప్రింటు గుడ్డ పన్నా 24 నుంచి 27 అంగుళాలే, ఇప్పుడు క్విల్ట్ గుడ్డ 44. ఇప్పటి మిషన్లకి తగ్గట్టు డిజైన్ సాగదీస్తారు కొందరు, పువ్వు పెద్దదైపోతుంది. పద్మా, నీ పువ్వు ఎంతుంది?

కాన్సస్_పద్మ
చిన్నది సరళా, శనగగింజంత.

సూదిదారం_సరళ
అయితే పరవాలేదు, చేసినవాళ్ళకి కాస్త పని తెలుసు.

ఒమాహా_కిరణ్
ఒక చిన్న పక్క విషయం. బెర్‌ట్రాండ్ మునిగిన ఎనిమిది రోజులకి దక్షిణాది సేనాపతి లీ లొంగిపోయాడు, సివిల్ వార్ దాదాపు ముగిసింది. ఆ యుద్ధం వల్ల అమెరికా పత్తి ఆగిపోతేనే కదా మన కాకినాడ పత్తికి అంత గిరాకీ వచ్చింది. ఆ నదిలో పోయిన నూలుకీ మన గోదావరి జిల్లాలకీ అలా ఒక దారం ఉంది.

గోదారి_బుజ్జి
ఆ పత్తి రేటు సంగతి మా తాతగారి నోట విన్నా, ఆయన వాళ్ళ తాతగారి నోట విన్నారట. యుద్ధం ఎక్కడో తెలియదు గానీ రేటు గుర్తుంది వాళ్ళకి.

పెడన_అచ్చు
దానికి ముందే మాకు దెబ్బ పడింది కిరణన్నా. 1850ల నాటికి మాంచెస్టర్ మిల్లు ప్రింట్లు మా బందరు బజారుకే వచ్చి పడ్డాయి. మిస్సోరి పడవ ఎక్కిన చీటీ (పూల అచ్చు) గుడ్డా, మా వీధిలో అద్దకం బానలు ఆర్పించిన చీటీ గుడ్డా ఒకే రకం రోలర్ మీద అచ్చయినవే. పద్మక్క పోస్టు చూడగానే నేను ఆగిపోయింది అందుకే.

కాన్సస్_పద్మ
అప్‌డేట్. అమ్మినావిడకి ఈ-మెయిల్ రాశా, కోపంగా కాదు, ఉన్నదున్నట్టు అడిగా. జవాబు వచ్చింది. పన్నెండింటిలో పది 1850ల మిల్లు శాంపిల్ పుస్తకంలోవి, రెండిట్లో డిజైన్ మాత్రం పడవలో దొరికిన బొత్తాల మీది నగిషీ చూసి గీశారట. గుడ్డ చూసి చేసింది ఒక్కటీ లేదు. "సరుకు ఆధారంగా" అన్నాం కానీ "బట్ట ఆధారంగా" అనలేదు అని రాసింది. నాకు ఆ మాట నచ్చలేదు, కార్డు మార్చమని రాశా, మారుస్తానంది. డబ్బు వెనక్కి ఇస్తానంది కూడా, నేనే వద్దన్నా.

పాతబట్టల_పార్వతి
వద్దన్నావా? ఎందుకు?

కాన్సస్_పద్మ
శాంపిల్ పుస్తకంలోవి అంటే ఆ పడవలో పోయిన గుడ్డలు ఇలాగే ఉండి ఉంటాయి కదా పార్వతీ. మ్యూజియంలో సిల్కులు చూశా, ఉన్ని కోట్లు చూశా. ఎక్కడో కొత్త ఊళ్ళో ఒక రైతు భార్య తన పిల్లకి గౌను కుట్టడానికి ఎదురుచూసిన ఆ చవక పూల గుడ్డ మాత్రం ఒక్క గజం కూడా లేదు. ఆ లేనిదే నా దగ్గర పన్నెండు ముక్కలుంది అనుకున్నా. కార్డులో అలాగే రాసి ఉంటే ఇంకా ఎక్కువ ఇచ్చి కొనేదాన్ని.

గద్వాల_నేతబిడ్డ
కుట్టు అక్కా. కత్తెర పెట్టు.

పెడన_అచ్చు
పద్మక్కా ఆ ఊదా ముక్కని పగటి వెలుగులో ఫొటో తీసి పెట్టండి, పక్కన ఒక తెల్ల కాగితం ఉంచండి. నా దగ్గర ఇనుప నీళ్ళు పల్చన చేసి వేసిన ముక్క ఒకటుంది, పక్కపక్కన పెట్టి చూడాలి.

సూదిదారం_సరళ
బొంత వెనకాల తెల్లగుడ్డ చీటీ కుట్టడం మర్చిపోకు పద్మా. ఏది పుస్తకంలోది, ఏది బొత్తాం చూసి గీసింది, ఏ సంవత్సరం ఎవరు కుట్టారు, అన్నీ రాయి. మామూలు పెన్ను వద్దు, ఉతికితే పోతుంది, పిగ్మెంట్ ఇంకు పెన్ను దొరుకుతుంది, రాశాక ఇస్త్రీ చెయ్యి. కుట్టేది మాత్రం ఏ దారంతో?

కాన్సస్_పద్మ
నూలు దారంతోనే సరళా. తెలిసే. ఫొటో రేపు పెడతా, ఇవాళ ఇక్కడ మబ్బు పట్టింది.